వృద్ధుల సంరక్షణలో పనిచేసే సోషల్ వర్కర్లు తరచుగా అడిగే ప్రశ్నలు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు

వృద్ధాశ్రమాల్లో, ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే కార్యక్రమాల్లో పనిచేసే సోషల్ వర్కర్లు ఫోన్ చేసినా, మీటింగుల్లో కలిసినా అడిగేవి దాదాపు ఇవే. నిన్నమొన్న చదువు పూర్తిచేసినవాళ్లూ అడుగుతారు, పదేళ్లుగా ఇదే పనిలో ఉన్నవాళ్లూ అడుగుతారు. పెద్దవాళ్ల కష్టాల గురించి అందరూ మాట్లాడతారు. వాళ్లను చూసుకునేవాళ్ల జీతం, నిద్ర, నడుం నొప్పి గురించి మాత్రం ఎవరూ పట్టించుకోరు. పనిచేసే మనిషి అలసిపోయి వెళ్లిపోతే నష్టపోయేది మంచం మీదున్న మామ్మే. అందుకే ఇవన్నీ రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## చేరే ముందు

ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) లేదు, మామూలు డిగ్రీయే ఉంది. ఈ పనిలోకి తీసుకుంటారా?

తీసుకుంటారు. డాక్టర్లకు, నర్సులకు, లాయర్లకు ఉన్నట్టు సోషల్ వర్కర్లందరినీ రిజిస్టర్ చేసే కౌన్సిల్ మన దేశంలో లేదు. ఎవరిని తీసుకోవాలో చాలాచోట్ల సంస్థే తేల్చుకుంటుంది. ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ప్రాజెక్టుల్లో, పెద్ద ఆసుపత్రుల్లో మాత్రం ఎమ్మెస్‌డబ్ల్యూ అడుగుతారు. విశాఖ వెళ్లి చదవగలిగితే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు ఉంది. ఉద్యోగం చేస్తూ చదవాలంటే ఇగ్నోలో దూరవిద్యలో చేయొచ్చు. ఈ పని మీకు పడుతుందో లేదో ఒక ఏడాది చూసుకున్నాకే ఫీజు కట్టమని నా సలహా.

సోషల్ వర్కర్‌గా చేరమంటున్నారు. ఒళ్లు తుడవడం, డైపర్లు మార్చడం కూడా నేనే చేయాలా?

అది ఆయాల పని. కొత్తగా వచ్చిన పెద్దావిడ ఇంటి పరిస్థితి కనుక్కోవడం, కేసు ఫైలు రాయడం, పిల్లలతో మాట్లాడటం, ఆధార్, పెన్షన్, ఆసుపత్రి కాగితాలు చూడటం, పక్కపక్క మంచాలవాళ్లకు గొడవొస్తే సర్దిచెప్పడం, పిల్లల నుంచి పోషణ ఖర్చు కోసం అర్జీ పెట్టుకునేవాళ్లకు సాయం చేయడం మీ పని. కానీ చిన్న ఆశ్రమాల్లో ఆయాలు ఒకరిద్దరే ఉంటారు. ఒకామె సెలవు పెడితే ఆ పని మీ మీద పడుతుంది.

ఒక పూట చేయాల్సి వస్తే చేయండి. ఒళ్లు తుడిచేటప్పుడు, తల దువ్వేటప్పుడే పెద్దవాళ్లు మనసులో మాట చెబుతారు, అది మీ పనికీ అక్కరకొస్తుంది. రోజూ అదే జరిగితే మాత్రం ఫైళ్లు మూలపడతాయి. ఎవరిదో పెన్షన్ అర్జీ నెలల తరబడి ఆగిపోతుంది. చేరకముందే అడగండి: మొత్తం ఎంతమంది పెద్దలున్నారు, అందులో మంచం దిగలేనివాళ్లు ఎందరు, పగలు ఎందరు ఆయాలు, రాత్రి ఎందరు. రాత్రి గురించి అడిగితే మాట తప్పించే చోట ఆ డ్యూటీ మీకే వస్తుందని అర్థం చేసుకోండి.

జీతం గురించి అడిగితే "సేవ కదమ్మా, డబ్బు సంగతి తర్వాత" అంటున్నారు. ఏం చెప్పాలి?

జీతం ఎంతో తేలాకే చేరతానని మర్యాదగానే చెప్పండి. పెద్దవాళ్లకు సేవ చేయాలన్న మనసు మీకుంది కాబట్టే ఆ గుమ్మం తొక్కారు. దాన్ని జీతం తగ్గించడానికి వాడుకోవడం అన్యాయం. కిరాణా కొట్టు, కరెంటు ఆఫీసు ఆశ్రమానికి ఉచితంగా ఇవ్వవు కదా.

"గౌరవ వేతనం" అని రాసినంత మాత్రాన మీ హక్కులు పోవు. మీరు రోజూ హాజరు వేసి, వాళ్లు చెప్పిన వేళల్లో, వాళ్లు చెప్పిన పని చేస్తుంటే అది ఉద్యోగమే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కనీస వేతనాన్ని అన్ని రంగాల ఉద్యోగులకూ వర్తింపజేసింది. మన రాష్ట్రంలో కనీస వేతనంలోని కరువు భత్యాన్ని ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో సవరిస్తారు. ఇప్పుడు ఎంత ఉందో జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో తెలుసుకుని, ఆ అంకె మనసులో పెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లండి.

## చేరేటప్పుడు

అపాయింట్‌మెంట్ లెటర్ అడిగితే "మన మధ్య కాగితాలెందుకు" అన్నారు. చేరిపోనా?

కాగితం తీసుకునే చేరండి. కొత్త కార్మిక కోడ్ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. అందులో హోదా, జీతం, పని వేళలు, వారపు సెలవు, నోటీసు గడువు ఉండాలి. తెలుగులో రాసిచ్చినా సరిపోతుంది.

ఎంత అడిగినా ఇవ్వకపోతే, చేరిన రోజే మీరే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఒక మెసేజ్ పెట్టండి: "ఫలానా తేదీ నుంచి ఫలానా పనికి, నెలకు ఇంత జీతానికి చేరాను." అవతలివాళ్లు "సరే" అన్నా అది రుజువే. జీతం చేతికి ఇస్తామంటే బ్యాంకులో వేయమని అడగండి. రేపు ఎక్కడికి వెళ్లినా మీరు అక్కడ పనిచేశారని చెప్పేవి పాస్‌బుక్కులోని ఆ వరుసలే.

మా సంస్థలో ఉన్నది తొమ్మిదిమందిమే. పీఎఫ్, ఈఎస్‌ఐ వస్తాయా?

పీఎఫ్‌కు 20 మంది, ఈఎస్‌ఐకి 10 మంది ఉద్యోగులుండాలి. తొమ్మిదిమందే అయితే సంస్థను బలవంతపెట్టలేరు. కానీ వంటమనిషి, వాచ్‌మన్, స్వీపర్, ఆయాలు, డ్రైవర్ అందరూ లెక్కలోకి వస్తారు. చాలాచోట్ల ఆఫీసులో కూర్చునేవాళ్లనే లెక్కపెట్టి "మేం పదిమంది లేం" అంటారు. హాజరు పట్టీలో ఉన్న పేర్లన్నీ కలిపి చూడండి.

ఈఎస్‌ఐ నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. మీ వాటా 0.75 శాతం, సంస్థ వాటా 3.25 శాతం. పీఎఫ్‌లో ఇద్దరూ 12 శాతం చొప్పున కడతారు. సంస్థ కట్టాల్సిన వాటాను కూడా మీ జీతంలోంచే కోస్తున్నారేమో జీతం చీటీ చూసుకోండి. ఆ అనుమానంతో ఫోన్ చేసేవాళ్లు తక్కువేం కాదు.

ఆశ్రమంలోనే ఉండమంటున్నారు. గది, భోజనం ఫ్రీ అట. మంచిదేనా?

ఊరు కాని ఊళ్లో అద్దె మిగులుతుంది కాబట్టి మొదట బాగానే ఉంటుంది. తర్వాత మీరు ఎప్పుడు డ్యూటీలో ఉన్నారో, ఎప్పుడు లేరో ఎవరికీ తెలియదు. రాత్రి రెండింటికి బాత్రూమ్‌లో ఎవరు జారిపడినా పిలుపు మీకే వస్తుంది. పొద్దున్న తొమ్మిదికి మళ్లీ ఆఫీసు ఉంటుంది.

ఉండాల్సి వస్తే మూడు విషయాలు ముందే తేల్చుకోండి. రాత్రి డ్యూటీ ఎవరిదో రోజు వారీగా పట్టిక ఉండాలి. వారానికి ఒక పూర్తి రోజు గేటు బయట గడిపే సెలవు ఉండాలి. మీ గదికి లోపల గడియ ఉండాలి. రోజుకు 8 గంటలు దాటి చేయిస్తే ఆ అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలన్నది చట్టం. చిన్న సంస్థలు డబ్బివ్వలేకపోతే బదులు సెలవైనా అడిగి తీసుకోండి.

## రోజువారీ పని

రోజుకు ఎన్ని ఇళ్లు తిరగడం న్యాయం? మాకు టార్గెట్ పెట్టారు.

అన్ని ఊళ్లకూ ఒకే అంకె పెట్టడమే తప్పు. విజయనగరం టౌనులో పక్కపక్క వీధుల్లో ఉన్న ఇళ్లు చూడటం, మెళియాపుట్టి వైపు కొండ గ్రామాలకు వెళ్లి చూడటం ఒకటి కాదు. పైగా ఒంటరిగా ఉన్న పెద్దాయన దగ్గర సంతకం పెట్టించుకుని పది నిమిషాల్లో లేచి రాలేం. ఆ వారంలో ఆయనతో కూర్చుని మాట్లాడేది మీరొక్కరే కావచ్చు.

సూపర్‌వైజర్‌తో వాదించే బదులు రెండు వారాల పాటు డైరీ రాయండి: ఏ ఇల్లు, ప్రయాణం ఎంత, అక్కడ గడిపింది ఎంత, తర్వాత కాగితం పనికి పట్టింది ఎంత. అది ముందు పెట్టి మాట్లాడితే టార్గెట్ తగ్గించిన సంస్థలను చూశాను. ఎండాకాలంలో పదకొండులోపు తిరుగుళ్లు ముగించి, మధ్యాహ్నం ఫైళ్లు చూసుకునేలా వేళలు మార్చమని కూడా అడగండి.

పెట్రోలు సొంత డబ్బుతో పోసుకుంటున్నాను. అడగొచ్చా?

తప్పకుండా అడగండి. కిలోమీటరుకు ఇంత అని గానీ, బస్సు టికెట్ ఇస్తే డబ్బు ఇచ్చేలా గానీ ముందే తేల్చుకోవాలి. పెద్దవాళ్ల మందులకు, ఆటోకు సొంత డబ్బు పెట్టే అలవాటు కూడా చాలామందికి ఉంది. ఆ ఖర్చునూ రోజూ రాసి సంస్థకు ఇవ్వండి. రాయకపోతే ఆ అవసరం ఉన్నట్టు పైవాళ్లకు తెలియదు, వచ్చే ఏడాది బడ్జెట్‌లోనూ చేరదు.

అవ్వ ఏటీఎం కార్డు, పిన్ నా చేతిలో పెట్టి "నువ్వే తీసుకురా తల్లీ" అంటోంది. తీసుకోనా?

తీసుకోవద్దు. అవ్వకు మీ మీద నమ్మకం ఉంది, సంతోషమే. కానీ రేపు ఆమె మర్చిపోయి డబ్బు తక్కువైందన్నా, ఎప్పుడూ రాని మనవడు వచ్చి లెక్క అడిగినా మీ దగ్గర జవాబుండదు. ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. కదల్లేకపోతే, ఇంటికొచ్చి డబ్బిచ్చే బ్యాంకు మిత్రను పిలిపించండి. తప్పనిసరై డబ్బు ముట్టుకుంటే ఇంకొకరి ఎదుట లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, ఇద్దరి సంతకాలు తీసుకోండి.

పెన్షన్ ఆగిపోతే అందరూ నన్నే తిడుతున్నారు. నా బాధ్యతేనా?

పెన్షన్ పంచేది సచివాలయం సిబ్బంది. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పెన్షన్ 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. మీ పని ఎందుకు ఆగిందో కనుక్కోవడం, దరఖాస్తు రాయించడం వరకే.

మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణాలు రెండు. పొలం పనితో, జీడిపిక్కల పనితో అరిగిపోయిన వేళ్లకు వేలిముద్ర పడకపోవడం ఒకటి. సొంతూరు వదిలి ఆశ్రమానికి వచ్చేసిన పెద్దవాళ్లు ఒకటో తారీఖుకి ఊళ్లో దొరకకపోవడం రెండోది. ఎవరైనా ఆశ్రమంలో చేరిన వారంలోనే వాళ్ల పెన్షన్‌ను ఇక్కడి సచివాలయానికి బదిలీ చేయించే దరఖాస్తు పెట్టించండి. ఏ తేదీన ఇచ్చారో ఫైలులో రాసి ఉంటే మీ మీద మాట రాదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో పనిచేస్తున్నాను. డయాలసిస్ పెద్దలతోనే వారమంతా గడిచిపోతోంది. మిగతావాళ్లను ఎలా చూడాలి?

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు పనిచేసే ప్రతి వర్కర్‌కూ ఈ బాధ తెలుసు. డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటల దాకా పడుతుంది. పోనూ రానూ ప్రయాణంతో రోజు అయిపోతుంది. కొడుకులు వలస వెళ్లిన ఇంట్లో తోడు వెళ్లడానికి మీరే దిక్కవుతారు.

సోషల్ వర్కర్ ప్రతిసారీ పక్కన కూర్చోనక్కర్లేదు. ఒకే ఊరి నుంచి ఒకే రోజు వెళ్లేవాళ్లను కలపండి. వాళ్ల ఇళ్లలో ఓపికున్న ఒక మనిషి ఆ రోజు అందరికీ తోడు వెళ్లేలా వంతులు వేయించండి. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ ఉంది, అది రానివాళ్లెవరో ముందు చూడండి. ఇవి కుదిరితే మీకు వారంలో రెండు మూడు రోజులు చేతికొస్తాయి. అప్పటికీ కుదరకపోతే ఆ మండలానికి ఇంకో వర్కర్ కావాలని సంస్థకు రాతపూర్వకంగా అడగండి. ఉద్దానం పనిని మామూలు మండలం లెక్కలో ఒకరికే అప్పగించడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

లేపి కూర్చోబెట్టి కూర్చోబెట్టి నడుం పట్టేసింది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మంచం మీదున్నవాళ్లను ఒంటరిగా ఎత్తొద్దు, ఎంత సన్నగా ఉన్నా సరే. వాళ్ల కింద దుప్పటి మడత వేసి, ఇద్దరు రెండు వైపులా పట్టుకుని జరపండి. నడుం వంచకుండా మోకాళ్లు వంచండి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి కాబట్టి ఇది రోజుకు ఎన్నోసార్లు వచ్చే పని. రెండో మనిషి లేని షిఫ్టు వేయొద్దని పట్టుబట్టండి.

చేరేటప్పుడే హెపటైటిస్ బి టీకా వేయించమని అడగండి. మూడు డోసులు, మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. గజ్జి కనిపిస్తే ఆ గదిలోవాళ్లందరికీ, మీకూ ఒకేసారి మందు రాయాలి. ఒక్కరికే రాస్తే మళ్లీ తిరిగొస్తుంది.

మా ఊళ్లో పెద్దవాళ్లకు సవర, ఒడియా తప్ప తెలుగు సరిగా రాదు. ఎలా?

ఇచ్ఛాపురం వైపు ఒడియా, కొండ గ్రామాల్లో సవర మాట్లాడేవాళ్లు ఉంటారు. మనవలను మధ్యవర్తులుగా పెట్టుకుంటే పెద్దవాళ్లు ఇంటి గొడవలు దాచేస్తారు. ఊళ్లో ఆశా కార్యకర్తనో, ఇంటికి సంబంధం లేని ఇంకొకరినో తోడు తీసుకెళ్లండి. వాళ్ల సమయానికి సంస్థ డబ్బివ్వాలి.

## చిక్కులు వచ్చినప్పుడు

పెద్దావిడ తరఫున మాట్లాడానని కొడుకు ఫోన్ చేసి బెదిరిస్తున్నాడు. నేను ఎంతవరకు వెళ్లొచ్చు?

ఇల్లో పొలమో రాయించుకుని తల్లిని వదిలేసిన కేసుల్లో ఇది మామూలుగా జరుగుతుంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద అర్జీ పెద్దవాళ్లే పెట్టుకోవాలి. వాళ్లకు చేతకాకపోతే వాళ్లు అనుమతిచ్చిన మనిషి గానీ సంస్థ గానీ పెట్టొచ్చు. ఆ అనుమతిని మీ పేరు మీద తీసుకోకండి, సంస్థ పేరు మీద రాయించి వేలిముద్ర తీసుకోండి. అర్జీ ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు వెళుతుంది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, ప్రత్యేక కారణముంటే ఇంకో 30 రోజులు. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించొచ్చు. చట్టం వచ్చాక, చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని చూసుకోకపోతే రద్దు చేయమని 23వ సెక్షన్ కింద అడగొచ్చు. అందుకే ముందు దస్తావేజు నకలు తెప్పించి ఆ షరతు ఉందేమో చదవండి.

ఇక మీ భద్రత. బెదిరింపు వచ్చిన రోజే తేదీ, టైము, అన్న మాటలు అన్నట్టే రాసి సూపర్‌వైజర్‌కు పంపండి. ఆ ఇంటికి మళ్లీ ఒంటరిగా వెళ్లొద్దు. మీద పడేలా ఉంటే 112కు ఫోన్ చేయండి. పోలీసులకు ఫిర్యాదు సంస్థ లెటర్‌హెడ్ మీద వెళ్లాలి. "నీ గొడవ నువ్వే చూసుకో" అనే సంస్థ కోసం మీరు ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. ఆ పెద్దావిడ విషయం వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు కూడా చెప్పండి. అప్పుడు కేసు మీ ఒక్కరి భుజం మీదే ఉండదు.

కొడుకు హైదరాబాద్‌లోనో, గుజరాత్‌లోనో ఉంటే కేసు ఎక్కడ వేయాలి?

పెద్దవాళ్లు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, పిల్లలు ఎక్కడున్నా సరే. ఒక చిన్న జాగ్రత్త: 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం ప్రాంతం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాత కాగితాలు చూసి శ్రీకాకుళానికి తిరగకండి. ఇంకో మాట: గుజరాత్‌లోని వేరావల్ రేవు బోట్ల మీద నెలల తరబడి ఉండే మత్స్యకార కొడుకులందరూ తల్లిదండ్రులను వదిలేసినవాళ్లు కాదు. అర్జీ రాసేముందు ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి.

ఆశ్రమంలో ఒక పెద్దాయన ఒంటి మీద చేయి వేస్తున్నాడు. చెబితే "ముసలాయన, వదిలెయ్" అంటున్నారు.

వదిలేయక్కర్లేదు. మతిమరుపు జబ్బు వల్ల కొందరు తెలియక అలా చేస్తారు, అది డాక్టరు తేల్చాలి. తెలిసి చేసినా తెలియక చేసినా మీకు రక్షణ కావాలి: ఆయన గదికి ఇద్దరు కలిసి వెళ్లడం, స్నానానికి మగ అటెండరును పెట్టడం సంస్థ బాధ్యత.

వేధించేది తోటి ఉద్యోగో, మేనేజరో, మీరు వెళ్లే ఇంట్లో మనిషో అయినా పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం వర్తిస్తుంది. పని మీద మీరు వెళ్లే ప్రతిచోటూ ఆ చట్టం దృష్టిలో పనిచేసే స్థలమే. పదిమంది, అంతకు మించి ఉద్యోగులుంటే సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. తక్కువుంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాని వివరాలు కలెక్టరేట్‌లో చెబుతారు. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి.

తుఫాను హెచ్చరిక వస్తే మా ఇల్లు చూసుకోవాలా, పెద్దవాళ్లను చూసుకోవాలా?

ఈ ప్రశ్న తుఫాను రోజున రాకుండా సెప్టెంబరులోనే తేల్చుకోవాలి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం తోటలను పడగొట్టింది. చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు.

నడవలేనివాళ్ల పేర్లు, వాళ్లను మోసే ఇద్దరి పేర్లు, పది రోజుల మందులు, డయాలసిస్ తేదీలు ఒక కాగితం మీద రాసి పంచాయతీకి, సచివాలయానికి ఇచ్చి ఉంచండి. వర్కర్లలో తీరంలో ఇళ్లున్నవాళ్లను ముందు ఇంటికి పంపి, లోపలి మండలాలవాళ్లను డ్యూటీలో ఉంచేలా పట్టిక వేయించండి. ఇంట్లో పసిపిల్లలను వదిలి రమ్మని ఎవరినీ అనకూడదు.

ఒక మామ్మ పోయి నెలైంది, ఇంకా తేరుకోలేకపోతున్నాను. నేను ఈ పనికి పనికిరానా?

మీరు ఈ పనికి తగినవారే. నాలుగేళ్లు రోజూ "భోంచేశావా తల్లీ" అని అడిగిన మనిషి లేకపోతే బాధ వేయకుండా ఎలా ఉంటుంది? బంధువు పోతే పదకొండు రోజులు అందరూ వచ్చి పలకరిస్తారు. వర్కర్‌ను ఎవరూ పలకరించరు. మధ్యాహ్నానికి ఆ మంచం మీద దుప్పటి మార్చి ఇంకొకరిని చేర్చుకుంటారు.

సంస్థను రెండు విషయాలు అడగండి. దగ్గరగా చూసుకున్న పెద్దవాళ్లు పోయినప్పుడు ఒక రోజు సెలవు, అంత్యక్రియలకు వెళ్లే వీలు. నెలకోసారి వర్కర్లంతా కూర్చుని పోయినవాళ్ల గురించి మాట్లాడుకునే గంట. నేను పనిచేసిన ఒకచోట ఆ గంట మొదలుపెట్టాక మానేసేవాళ్లు తగ్గారు. నిద్ర పట్టకపోవడం, పనికి వెళ్లాలంటే గుండె దడ, ఊరికే ఏడుపు రెండు వారాలు దాటి ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రయినా తీస్తారు.

రాత్రి పదింటికి కూడా ఫోన్లు. స్విచ్ ఆఫ్ చేస్తే పాపమేమో అని టెన్షన్.

సంస్థ ఒక ఫోన్ కొని, రాత్రి ఎవరి దగ్గర ఉండాలో వంతులు వేయాలి. పెద్దవాళ్ల గోడ మీద ఆ నంబరు, 108 పెద్ద అక్షరాలతో అంటించండి. మీ సొంత నంబరు ఇవ్వడం మీ ఇష్టం.

## జీతం ఆగినప్పుడు, మానేసేటప్పుడు

గ్రాంటు రాలేదని మూడు నెలలుగా జీతం లేదు. ఎక్కడికి వెళ్లాలి?

గ్రాంటు వాయిదాల్లో వస్తుంది, ఆలస్యమవుతుంది, అది నిజమే. కానీ ఆ ఆలస్యాన్ని మోయాల్సింది సంస్థ, మీరు కాదు. ముందు అందరూ కలిసి ఒకే ఉత్తరం రాసి బాకీ ఎంతో, ఎప్పుడిస్తారో రాతలో అడగండి. జవాబు రాకపోతే జిల్లా కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. హాజరు ఫొటోలు, పాస్‌బుక్కు నకలు, వాట్సాప్ మెసేజ్‌లు జత చేయండి. ఫిర్యాదు చేస్తే పెద్దవాళ్లకు అన్నం ఆగిపోతుందని ఎవరైనా భయపెడితే నమ్మొద్దు. వంటింటి సరుకులు, మీ జీతం వేర్వేరు పద్దులు.

ఐదేళ్లు దాటాయి. మానేస్తే ఏం రావాలి?

పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ అయితే గ్రాట్యుటీ రావాలి: ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కవేసి. మానేశాక రావాల్సిన జీతం బాకీ రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. పీఎఫ్ ఉంటే డబ్బు తీసేయకుండా కొత్త చోటికి బదిలీ చేసుకోండి. అనుభవ పత్రంలో "సేవకురాలు" అని కాకుండా మీ హోదా రాయించండి.

నేను మానేస్తే నా పెద్దవాళ్లు ఏమైపోతారు అని ఆగిపోతున్నాను. ఎలా వెళ్లాలి?

నోటీసు గడువును అప్పగింతకు వాడుకోండి. ఒక్కొక్కరికి ఒక పేజీ: ఏ మందు ఏ వేళకు, పెన్షన్ పరిస్థితి, నడుస్తున్న కేసు, ఏ కొడుకుతో మాట్లాడొచ్చు, ఎవరి పేరు ఎత్తితే బీపీ పెరుగుతుంది, కాఫీలో చక్కెర ఎంత. కొత్తగా వచ్చే వర్కర్‌ను మీ చివరి వారంలో వెంట తిప్పండి.

పెద్దవాళ్లకు చెప్పకుండా వెళ్లొద్దు. చాలామందిని పిల్లలు అలాగే "మళ్లీ వస్తాం" అని చెప్పి వదిలి వెళ్లారు. ఫలానా రోజు వరకు ఉంటాను, తర్వాత ఫలానా అమ్మాయి చూసుకుంటుంది అని ముందే చెప్పండి. తర్వాత పండక్కో, సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చినప్పుడో చూడటానికి వెళ్లొచ్చు. మందులు, పెన్షన్ సంగతులు మాత్రం కొత్త వర్కర్‌నే అడగమని వాళ్లిద్దరి ఎదుటే చెప్పి రండి.